ఆ తొమ్మిది రోజులు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్ళు నాకిచ్చిన అంశం 'విద్యుత్ రంగంలో నా ముప్ఫై ఏళ్ళు'. పద్నాలుగు పేజీలు రాసుకొచ్చాను. నిన్న రాత్రి హైదరాబాదులో బస్సెక్కాక ఒకసారి చదువుకుంటే నాకే నిద్రొచ్చింది. అయితే అంశం మార్చడానికి అదొక్కటే కారణం కాదు. పోయిన ఆగస్టులో మన వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కలు రాశాను, మా కుక్క గుండుని నిద్రపుచ్చాల్సి వచ్చిందని. మామూలుగా వచ్చే దండాలు వచ్చాయి. ఒక మిత్రుడు 'ఓస్, కుక్కే కదరా, ఇంకోటి తెచ్చుకో' అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడూ ఇక్కడే ఉన్నాడు, పొద్దున ఇద్దరం కలిసే ఇడ్లీ తిన్నాం. కానీ ఆ తర్వాత రెండు నెలల్లో మనవాళ్ళే ఏడుగురు విడివిడిగా ఫోన్ చేశారు. ఏడుగురిదీ ఇంచుమించు ఒకటే మాట. 'గ్రూపులో రాయలేదు గానీ, మాకూ జరిగిందిరా.' ఒకడు ఆరేళ్ళ కిందటి సంగతి చెబుతూ ఫోన్లోనే ఏడ్చాడు. వాడు చేసే ఉద్యోగం చెబితే మీరు నమ్మరు, అందుకని చెప్పను.

ఏడుగురు చాటుగా చెప్పుకున్నది ఒకడైనా మైకులో చెబితే మంచిదనిపించింది. ఆ పద్నాలుగు పేజీలూ సంచిలోనే ఉన్నాయి.

గుండు మాకు 2011 జూన్‌లో దొరికాడు. హైదరాబాద్ శివార్లలో 220 కేవీ సబ్‌స్టేషన్ కడుతున్నాం. తొలకరి వాన పడి కేబుల్ ట్రెంచిలో మోకాలు లోతు నీళ్ళు నిలిచాయి. పొద్దున్నే సైటుకి వెళ్తే ట్రెంచి పలకల కింద నుంచి కుయ్యి కుయ్యిమని వినిపిస్తోంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీ ఒకతను దిగి తీశాడు. ఒళ్ళంతా బురద, ఒంటికి మించిన తలకాయ. 'గుండు' అని పేరు పెట్టింది ఆ కూలీలే. రిలే వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, ఒక్క రాత్రికే కదా అని ఇంటికి తీసుకెళ్ళాను. మా అమ్మ అప్పటికి ఉంది. 'గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే నేను మీ అన్నయ్య దగ్గరికి పోతా' అంది. దసరా నాటికి వాడు ఆవిడ మంచం కిందే పడుకునేవాడు. పెరుగన్నంలో ఉప్పు వెయ్యకూడదని నాకు చెప్పింది కూడా ఆవిడే. 2017లో అమ్మ పోయాక చాలా రోజులు వాడు ఆ మంచం కింద నుంచి బయటికి రాలేదు.

జాతి కుక్క కాదు, నాటు కుక్క. బాగున్న రోజుల్లో పద్దెనిమిది కిలోలు ఉండేవాడు. ఉరుమంటే భయం, దీపావళి వస్తే బాత్‌రూమ్‌లో దూరేవాడు. దొంగల్ని ఎప్పుడూ పట్టలేదు, మా ఇంటికి దొంగలు ఎప్పుడూ రాలేదు కూడా. వాడొచ్చినప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్ళు. అది పదో తరగతి, ఇంటరు, ఇంజనీరింగు చదివిందంతా వాడి మీద కాళ్ళు పెట్టుకునే. 2022లో అది అమెరికా వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో నాకంటే ముందు వాడి గురించే చెప్పింది: 'నాన్నా, నేను వచ్చేదాకా వీణ్ణి చూసుకో.'

2023 చివర్లో నీళ్ళు ఎక్కువ తాగడం, బరువు తగ్గడం మొదలైంది. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ మూడు దాటింది. కుక్కల్లో అది 1.4 లోపు ఉండాలట. పైగా కిడ్నీల పని ముప్పాతిక వంతు పోయాక గానీ ఈ సంఖ్య పెరగడం కనపడదని డాక్టరమ్మ చెప్పింది. అంటే మాకు తెలిసేసరికి మిగిలింది పావు వంతు. మాంసం మాన్పించాం, వాడి కోసం వేరే తిండి తెప్పించాం. రోజు విడిచి రోజు మెడ వెనక చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. అది నేర్చుకున్నది మా ఆవిడ. లక్షల వోల్టుల బస్‌బార్ల కింద పనిచేసిన ఇంజనీరుగారు సూది చూసి గోడవైపు తిరిగేవారు. ఆవిడ బాటిల్‌ని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, వాడి చెవుల వెనక గోకుతూ రెండు వందల మిల్లీలీటర్లు ఎక్కించేది. వీపు మీద చిన్న మూపురంలా పొంగేది, సాయంత్రానికి తగ్గిపోయేది. అలా ఏడెనిమిది నెలలు బాగానే గడిచాయి.

ఆగస్టు 8, గురువారం నాడు క్రియాటినిన్ తొమ్మిది దగ్గరికొచ్చింది. నోట్లో పుళ్ళు, అమోనియా వాసన. ఏం పెట్టినా వాసన చూసి తల తిప్పుకుంటున్నాడు. డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టలేదు, వాడి పక్కనే కూర్చోబెట్టి చెప్పింది. 'సార్, ఇక మందులతో రోజులు పెంచగలం గానీ మంచి రోజులు ఇవ్వలేం. ఒక్క రోజు ఆలస్యం చేసేకంటే ఒక వారం ముందే పంపించడం మేలంటాం మేము. మీరు మాట్లాడుకుని చెప్పండి.'

అమ్మాయికి ఫోన్ చేశాను. సెలవు, టిక్కెట్లు, వీసా కాగితాలు అన్నీ చూసుకుంటే 16 రాత్రికి గానీ రాలేనంది. 'వాడు అప్పటిదాకా ఉంటాడా నాన్నా?' అని అడిగింది. ఉంటాడన్నాను.

నేను చెప్పదలచుకున్నది ఈ తొమ్మిది రోజుల గురించే.

నా వృత్తి మీలో కొందరికి తెలుసు. ప్రొటెక్షన్ ఇంజనీర్ని. లైన్లో ఫాల్టు వస్తే రిలే పసిగట్టి బ్రేకర్ని తెరిపించాలి. 400 కేవీ లైన్లో అదంతా 100 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో పదో వంతులో, అయిపోవాలి. ఆలస్యమైతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అనవసరంగా తెరిస్తే జిల్లాలు చీకట్లో ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా ఎప్పుడు ఆపాలో యంత్రాలకు నేర్పినవాణ్ణి, మా ఇంట్లో తొమ్మిది రోజులు తీసుకున్నాను.

తీసుకుంటూ దానికి లెక్కలు కూడా వేశాను. ఆలిస్ విల్లాలోబోస్ అని అమెరికాలో ఒక పశువైద్యురాలు 2004లో తయారుచేసిన కొలత ఒకటుంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది. ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యాలి. మొత్తం 35 దాటితే ఇంకా ఉంచుకోవచ్చు. పాత డైరీ ఒకటి తీసి రోజూ రాత్రి మార్కులు వేశాను. మూడో రోజు నా లెక్కలో 38 వచ్చింది. మా ఆవిడని వెయ్యమంటే 19 వేసింది. 'ఆకలికి ఆరేశారేమండీ? పొద్దుట్నుంచీ వాడు తిన్నది రెండు చెంచాల పెరుగు' అంది. తిన్నాడుగా అన్నాను. మన లెక్కల టీచరుగారు నేను దిద్దిన ఆ పేపరు చూస్తే నన్ను బెంచీ ఎక్కించేవారు. మార్కులు వేసింది వాడి పరిస్థితికి కాదు, అమ్మాయి టిక్కెట్టు తేదీకి.

ఇంకొకటి కూడా చేశాను. ఇది ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడల్లా వాడి మొహం ఒక్కటే చూపించాను. తడిగుడ్డతో మూతి తుడిచి, తల కింద దిండు పెట్టి, 'ఇదిగో, నిన్నే చూస్తున్నాడు' అనేవాణ్ణి. ఎముకలు తేలిన వీపూ, లేవలేని వెనక కాళ్ళూ, కింద పరిచిన పాత దుప్పట్లూ ఫోన్లో పడకుండా చూసుకున్నాను. ఏడో రాత్రి వాడు మూలిగాడు. పదమూడేళ్ళలో వాడు అలా మూలగడం నేను వినలేదు. మా ఆవిడ లేచి కూర్చుని, 'ఇక చాలండీ, రేపు పిలుద్దాం' అంది. ఇంకా రెండు రోజులే కదా అన్నాను.

16వ తేదీ వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ కలశం పెట్టలేదు, దీపం వెలిగించి ఊరుకుంది. ఆ రాత్రి పదకొండు దాటాక అమ్మాయి వచ్చింది. సూట్‌కేసు గుమ్మంలోనే వదిలి హాల్లోకి వచ్చి వాణ్ణి చూసింది. వాడి తోక రెండుసార్లు నేలకు తట్టుకుంది. అది వాడి పక్కన పడుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నావైపు తిరిగి, 'ఇన్నాళ్ళూ నాకు తల ఒక్కటే చూపించావు కదా నాన్నా. ఎవరాపమన్నారు? నేనడిగానా?' అంది. నిజమే, అది అడగలేదు. 'ఉంటాడా' అని మాత్రమే అడిగింది.

ఇప్పటికీ ఆ తోక కొట్టుకున్న చప్పుడు ఒకవైపు, ఏడో రాత్రి మూలుగు ఒకవైపు. ఏది బరువైనదో నాకు తేలలేదు. ఆగకుండా ఉండాల్సిందని ఒక్కోరోజు గట్టిగా అనిపిస్తుంది. మా ఆవిడకు ఆ విషయంలో సందేహమే లేదు, ఆగకూడదు అంటుంది.

శనివారం పొద్దున డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. ముందు కాగితం మీద సంతకం. మా డిపార్టుమెంటు వాళ్ళకి తెలుసు, లైన్ మీద మనిషి ఎక్కాలంటే ఎల్సీ కాగితం మీద సంతకం ఉండాలి, కరెంటు లేదని హామీ ఇచ్చే సంతకం. వేలసార్లు చేశాను, ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. ఆ రోజు నా పేరులో ఒక అక్షరం వదిలేసి రాశాను. ఆవిడ చూసి కూడా ఏమీ అనలేదు.

ఏం జరుగుతుందో ఆవిడ ముందే వివరంగా చెప్పింది. ముందు కండకు ఒక ఇంజెక్షన్, దానితో మత్తుగా నిద్రపోతాడు. తర్వాత ముందుకాలి నరంలోంచి మత్తుమందే, కానీ మోతాదు చాలా ఎక్కువ. గుండె ఆగడానికి రెండు మూడు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి. పోయిన తర్వాత కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసినట్టు కదలిక రావచ్చు, అది ప్రాణం కాదు, భయపడకండి అంది. ఇదంతా ఇక్కడ చెప్పడం ఎందుకంటే, ఫోన్ చేసిన ఏడుగురిలో ఇద్దరికి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ తెరిచిన కళ్ళు చూసి, తాము తొందరపడి బతికున్నవాణ్ణే పంపించేశామేమోనని వాళ్ళు ఏళ్ళ తరబడి కుమిలిపోయారు.

'మీరు లోపల ఉంటారా సార్, బయట ఉంటారా? ఎలాగైనా ఫరవాలేదు' అంది. నేను బయటికి వెళ్దామనే లేచాను.

ఇక్కడ మన బడి సంగతి ఒకటి చెప్పాలి. 1982లో మేం ఎనిమిదో తరగతి. ఈ స్టేజి వెనకున్న వేపచెట్టుకే అప్పుడు గంట, అంటే రైలుపట్టా ముక్క, వేలాడేది. గంట కొట్టే అటెండరు తాత మీలో చాలామందికి గుర్తుండే ఉంటాడు. ఆయన దగ్గర ఒక తెల్ల కుక్క ఉండేది, గంట కొట్టినప్పుడల్లా అదొకసారి మొరిగేది. వీధికుక్కలకు మందు పెట్టి చంపడం ఆ రోజుల్లో ఊళ్ళల్లో మామూలే. కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు వచ్చింది 2001లో. ఒకరోజు రెండో పీరియడ్‌లో ఆ కుక్క మందు తిని వేపచెట్టు కిందికొచ్చి పడి గిలగిలా కొట్టుకుంది. మేమందరం కిటికీల దగ్గరికి ఎగబడ్డాం. తాత వచ్చి కింద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కరుస్తుంది, వదిలెయ్యమని ఎవరో అరిచారు. ఆయన వదల్లేదు. ఆ రోజు మూడో పీరియడ్ గంట కొట్టలేదు. పావుగంట గడిచింది, ఇరవై నిమిషాలు గడిచాయి. హెడ్మాస్టరుగారు బయటికొచ్చి చూశారు. ఆయన ఎంత కోపిష్టో మీకు తెలుసు. ఒక్క మాట అనకుండా నడిచి వెళ్ళి, తన చేత్తోనే గంట కొట్టి, లోపలికి పోయారు.

లేచినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. గుండు తల నా ఒళ్ళో, ముందుకాలు అమ్మాయి చేతిలో. మా ఆవిడ ఎప్పటిలా చెవుల వెనక గోకుతోంది. మొదటి ఇంజెక్షన్‌కి వాడు గురకపెట్టాడు. కొన్ని వారాలుగా వాడికి అంత నిద్ర లేదు. రెండోదానికి నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. నూట పది దగ్గర డాక్టరమ్మ స్టెతస్కోపు తీసేసింది.

మిత్రుడి మామిడితోటలో అయిదడుగుల గొయ్యి తవ్వించి, వాడి తువ్వాలుతో సహా దించి, రాళ్ళ ఉప్పు పోసి పూడ్చాం.

తర్వాతి సంగతి. నాన్న పోయినప్పుడు నాకు పదమూడు రోజులు ఏం చెయ్యాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. స్నానం ఎప్పుడు, తిండి ఏమిటి, ఎవరెవరు వస్తారు అన్నీ. కుక్క పోతే మైల లేదు. మైల అనేది ఒక సౌకర్యమని నాకు అప్పుడే తెలిసింది. సోమవారం ఆఫీసులో రివ్యూ మీటింగుకి వెళ్ళాను. సెలవు పెడదామంటే కాగితం మీద కారణం ఏం రాయాలో తోచలేదు. పొద్దున అయిదున్నరకు కాళ్ళు వాటంతటవే చెప్పుల దగ్గరికి పోయేవి. పార్కులో రోజూ కనిపించే పెద్దాయన 'ఏడండీ మీవాడు?' అని అడిగితే ఊరెళ్ళాడని చెప్పాను. కుక్క ఊరెళ్ళడమేమిటని ఆయనా అడగలేదు.

మా ఆవిడ బాధ వేరు. వారం తర్వాత చెప్పింది. 'ఆ శనివారం రాత్రి నేను తెల్లవార్లూ హాయిగా నిద్రపోయానండీ. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. పొద్దున లేచి అద్దంలో మొహం చూసుకోలేకపోయాను.' దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మిగిలిన సెలైన్ బాటిళ్ళు డాక్టరమ్మకు ఇచ్చేశాం, ఇంకో కుక్కకు ఎక్కిస్తానంది. ఆవిడకు కాస్త ఊరట దొరికింది అక్కడే అనుకుంటాను. గిన్నె, గొలుసు నేనే తియ్యనివ్వలేదు. అమ్మాయి వెళ్ళేముందు గిన్నె తనతో తీసుకెళ్ళింది. గొలుసు తలుపు వెనక మేకుకే ఉంది.

మన తెలుగు మాస్టారు భారతం చెబుతూ ఒక మాట అనేవారు, భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని. మొదట్లో సరమ, చివర్లో ధర్మరాజు వెంట నడిచిన కుక్క. స్వర్గంలో కుక్కకు చోటు లేదని ఇంద్రుడంటే, అయితే నాకూ వద్దన్నాడు ధర్మరాజు. ఆ రోజుల్లో రాత్రుళ్ళు నాకు ఆ కథ మీద కోపం వచ్చేది. ఆయనకు పరీక్ష తేలిక, వదలనంటే సరిపోయింది. నేను కూడా తొమ్మిది రోజులు వదలననే అన్నాను.

సెప్టెంబరులో ఒకరోజు లెక్కల టీచరుగారు ఫోన్ చేశారు. ఆవిడిప్పుడు ముందు వరుసలోనే ఉన్నారు, అనుమతి తీసుకునే చెబుతున్నాను. 'ఏరా, నీ కుక్క పోయిందటగా. పేరేమిటి? ఎన్నేళ్ళు ఉంది నీ దగ్గర?' అని అడిగారు. అప్పటిదాకా వాడి పేరు ఎవరూ అడగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను, ఇప్పుడు మీకు చెప్పినదంతా, మార్కుల డైరీతో సహా. ఆవిడ మధ్యలో ఎక్కడా ఓదార్చలేదు. అంతా విని, 'మీ మాస్టారి సంగతి నీకు తెలియదు కదా' అన్నారు. ఆవిడ భర్త పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారట. పన్నెండో రోజు, ఇక మేం ఇంటికి తీసుకెళ్ళిపోతాం అని ఆసుపత్రి కాగితం మీద సంతకం చేసింది ఆవిడే. కొడుకు అమెరికా నుంచి వచ్చేదాకా ఆగి చేశారు.

'తొమ్మిదేళ్ళయింది. ఆగినందుకు ఒకరోజు ఏడుస్తాను, సంతకం పెట్టినందుకు ఒకరోజు ఏడుస్తాను. రెండూ ఒకే రోజు ఏడవను. అదొక్కటే నేను చేసుకున్న ఏర్పాటు' అన్నారు. మనిషినీ కుక్కనీ ఒక గాటన కట్టేశారని ఎవరైనా అనుకుంటారేమో టీచర్ అన్నాను. 'అనుకోనీరా, వాళ్ళకి లెక్కలు రావు' అన్నారు.

అప్పట్నుంచి నెలకోసారి మాట్లాడుకుంటున్నాం. గుండు గురించి ఒకసారి, మాస్టారి గురించి ఒకసారి. మొన్న ఫోన్లో, సభకొచ్చేటప్పుడు మీవాడి ఫోటో తీసుకురా అన్నారు. తెచ్చాను, చొక్కా జేబులో ఉంది. రిలే అట్టపెట్టెలో కూర్చున్నప్పటిది, తల తప్ప ఇంకేమీ కనపడదు. భోజనాల దగ్గర టీచరుగారికి చూపిస్తాను. ఆ ఏడుగురూ, ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ, మీ ఫోన్లలో ఉన్న ఫోటోలు తీసుకుని వేపచెట్టు దగ్గరికి రండి.